రాయి మీద పెద్దమామ పేరు

పెద్దత్తమ్మ అన్నం మానేసి అప్పటికి రెండో రోజు.

గడప మీద అడ్డంగా కూర్చుంది. ముందు రాట్నం, పక్కన నూలు కండెల గంప. నుదుట రోజూ పెట్టుకునే దానికి రెండింతలు బొట్టు. చాయ గ్లాసు పట్టుకుని ఆమెను ఎట్లా దాటాలో తెలియక ఇవతలే నిలబడ్డాను.

“పెద్దత్తమ్మా, జరంత చాయ తాగుండ్రి.”

“చాయ ఎవలిక్కావాలె? బతికున్న మొగణ్ని తీస్కపోయి రాయి మీద ఎక్కిస్తుండ్రు. ఇగ నేనెందుకు తినాలె, ఎందుకు తాగాలె.”

అన్నం ముట్టలేదు గానీ, మా అమ్మ జగిత్యాల నుంచి సారెలో పంపిన సకినాల డబ్బా నిన్నటికీ ఇవాళటికీ బాగా తేలికైంది. నేను ఆ మాట ఎత్తలేదు. ఆమె చేతి పక్కన గ్లాసు పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గంప మీదుగా ఒక గెంతు గెంతాను. పెద్దత్తమ్మకు నవ్వొచ్చింది. అది కనబడకుండా రాట్నం గట్టిగా తిప్పింది.

ముందరి షెడ్డులో సాంచె టకటకమని నడుస్తూనే ఉంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ మరమగ్గం చప్పుడుకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు అది లేకపోతే నాకు నిద్ర పట్టదు. రాయి మీదికి ఎక్కుతున్న ఆ మొగుడు, మా పెద్దమామ బాలయ్య, సాంచె దగ్గర వంగి తెగిన పోగు ముడి వేస్తున్నాడు. మొన్న పేపర్లో పేరు పడ్డప్పటి నుంచి రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

‘సిరిసిల్ల–కోరుట్ల రహదారికి అమర వార్డర్ల పేరు’ అని జిల్లా పేజీలో వచ్చింది. కింద, రోడ్డు పక్కన నిలిపే రాయి మీద చెక్కబోయే రెండు పేర్లు. మెట్‌పల్లి కొమురయ్య, సిరిసిల్ల బాలయ్య. తొమ్మిదేళ్ళ కింద, రోగమొచ్చిన ఖైదీని ఆసుపత్రి నుంచి జైలుకు తీసుకుపోతున్న బండిని నక్సలైట్లు, అదే అన్నలు, ఆ రోడ్డు మీదే ఆపారు. ఖైదీ అడవిలోకి వెళ్ళిపోయాడు. వార్డర్లు ఇద్దరూ ఇళ్ళకు రాలేదు.

కొమురయ్య నిజంగానే కొమురయ్య. బాలయ్య మాత్రం బాలయ్య కాదు. ఆయన పోచయ్య. పెద్దమామకు తమ్ముడు, నా భర్తకు తండ్రి, నేను కళ్ళారా చూడని మా మామ. కొలువు కాగితం అన్న పేరు మీద వస్తే, అన్న ఏడో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని తమ్ముడు పోయి చేరాడు. ఆ రోజుల్లో కాగితం మీద ఫొటో అడిగేవాళ్ళు కాదట. ఇరవై ఏళ్ళు జైల్లో బాలయ్యగా, ఇంట్లో పోచయ్యగా బతికాడు. ఈ సంగతి ఇంటికి తెలుసు, వీధికి తెలుసు. సర్కారుకు తెలియదు.

నేను లేకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు కూడా.

నాలుగు రోజుల కింద రోడ్ల శాఖ వర్క్ ఇన్‌స్పెక్టర్ కిష్టయ్య వచ్చి, “అమ్మా, రాయి మీదికి మీ మామ పేరు తప్పు లేకుండ రాసిస్తవా” అని అడిగాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. రాయడం ఎందుకని బీరువా తెరిచి మా పెళ్ళికార్డు తెచ్చిచ్చాను. ఎంత సంబరంగా ఇచ్చానో. పసుపు అంచు, మీద వినాయకుడు, లోపల బంగారు అక్షరాలు. ‘కీర్తిశేషులు పోచయ్య, శ్రీమతి సత్యవ్వల కుమారుడు నర్సింగం’. ఆ కింద నా పేరు. మా ఇద్దరి పేర్లు ఎంత పక్కపక్కన ఉన్నాయో వేలు పెట్టి చూపించాను కూడా. ఆయన కార్డును చూశాడు, నన్ను చూశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసు కాగితాలన్నిటి మీదా బాలయ్య అనే ఉన్నా, పెళ్ళికార్డు మీదనైనా ఆయన సొంత పేరు ఉండాలని మా అత్తమ్మ సత్యవ్వే పట్టుబట్టిందట. అది కూడా నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

ఇవాళ కిష్టయ్య మళ్ళీ వస్తానని కబురు పంపాడు. ఇంటివాళ్ళు పేరు నోటితో చెప్పాలి, ఆయన రాసుకోవాలి, అత్తమ్మ వేలిముద్ర వేయాలి. కోరుట్లలో రాయి సిద్ధంగా ఉంది. సాయంత్రం నాలుగు గంటలకు పేర్లు చెక్కడం మొదలుపెడతారు.

అన్నం మానింది పెద్దత్తమ్మ అయితే, మాట మానింది మా ఆయన.

పెళ్ళయి నలభై మూడు రోజులు. మొదటి నలభై రోజులు ఆయన నోరు ఆగింది లేదు. ఈ మూడు రోజులుగా నాతో పలకడం లేదు. ఏదైనా కావాలంటే రంజన్‌తో చెప్పుకుంటాడు. “మంచినీళ్ళు నింపిండ్రో లేదో” అని ఆ మట్టికుండను చూస్తూ అంటాడు. “నింపిండ్రు” అని నేను కుండ తరఫున చెబుతాను. అంత కోపంలోనూ, నా కొత్త చెప్పులు ఎండలో ఉంటే కాలితో నీడకు జరిపిపోతాడు. అది చూసి నేను నవ్వుతాను. నవ్వితే కోపం ఇంకొక రోజు పెరుగుతుంది.

నేను షెడ్డులోకి వెళ్ళి పెద్దమామకు గ్లాసు అందించాను.

“అమరుడు గారూ, చాయ.”

పెద్దమామ పకపకా నవ్వాడు. “హోటల్ కాడ గూడ గట్లనే అంటుండ్రు బిడ్డా. నిన్న మొండయ్య లేచి నిలవడి దండం వెట్టిండు. ‘సచ్చిపోయినంక గూడ చాయల చక్కెర ఎక్కువనే కావాల్నా బాలన్నా’ అన్నడు.”

“మీకు కోపం రాలేదా?”

“ఎందుకత్తది? నా పేరు మీద ఇంత పొడుగు రోడ్డు. ఇక్కడ్నుంచి కోరుట్ల దాక. మీ పెద్దత్తకే గీ యోగం అర్థమయితలేదు.”

చాయ ఊదుకుంటూ తాగాడు. సగం గ్లాసు అయ్యేసరికి మొహంలోని నవ్వు కూడా సగమైంది.

“కొలువు కాగితం అచ్చిన పొద్దు నాకు జరమొచ్చింది బిడ్డా. జరం అని అందరికీ చెప్పిన. అది భయం. జైలంటే ఏంది, సంకెళ్ళు, దొంగలు. మీ పెద్దత్త ఇంటికి అచ్చి అప్పటికి ఆర్నెల్లే. ‘నేను పోనురా’ అని కూసోని ఏడ్చిన. మా తమ్ముడు ఒకటే నవ్వుడు. ‘నువ్వు మగ్గం నేయి అన్నా, నేను నువ్వయి పోత’ అన్నడు. నా అంగి గూడ తొడుక్కొని పోయిండు.”

సాంచె నడుస్తోంది. ఆయన దాని వైపే చూస్తున్నాడు.

“నేను పోవల్సిన కాడికి వాడు పోయిండు. ఇప్పుడు వాని రాయి గూడ నేనే తీస్కుంటున్న. అందరు నవ్వుతుండ్రు గద అని నేను గూడ నవ్వుతున్న, ఇంకేం లేదు.”

“మరి సార్ వచ్చినప్పుడు మీరే చెప్పొచ్చు గద పెద్దమామా.”

“చెప్త. చెప్పినంక నీ పెనిమిటి కొలువు ఏమయితది? సచ్చిపోయిన బాలయ్య కొడుకని గద సర్కారు వానికి కొలువు ఇచ్చింది. బాలయ్యనైన నేనిక్కడ చాయ తాగుతుంటి.”

ఖాళీ గ్లాసు తీసుకుని వచ్చేశాను.

వెనక వరండాలో అత్తమ్మ బీడీలు చేస్తోంది. పక్కన పక్కింటి పోశవ్వ. ఒకే చాప, ఒకే చాటలో తునికాకు. పోశవ్వ తమ్ముడు అన్నల్లో కలిసి నాలుగేళ్ళ కింద ఎన్‌కౌంటర్లో పోయాడు. వీర్నపల్లి దిక్కు ఎర్ర స్తూపం మీద అతని పేరు ఉంది. మా మామ పోయింది అన్నల తూటాలకు. వీళ్ళిద్దరూ ఒక చాప మీద కూర్చోవడం చూసి మొదట్లో నేను కొయ్యబారిపోయాను. అత్తమ్మను అడిగితే, “పోశవ్వ ఏం చేసింది బిడ్డా, బీడీలు నాకన్న బిరబిర చేసుడు తప్ప” అంది. ఆ రోజు నుంచి నాకు అత్తమ్మ అంటే ఇష్టం ఎక్కువైంది.

నేను కూడా చాప అంచున కూర్చుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టాను. నేను చేసిన బీడీలు బస్తాలో వేయరు. పెద్దమామకు ఇస్తారు.

“సత్తక్కా, ఏమనుకున్నవు మరి?” అంది పోశవ్వ.

“ఏమనుకుంట. వాళ్ళు రాసిందే రాసుకోనియ్యి.”

“నీ మనసుల లేదది.”

“నా మనసుల ఉన్నది రాస్తె పోరని కొలువు పోతది.”

పోశవ్వ ఒక బీడీ చుట్టి, దారం కట్టి, చాటలో వేసింది. “మా తమ్మునికి దళంల వేరే పేరు ఉండె. స్తూపం కట్టినప్పుడు రెండు పేర్లు రాసిండ్రు. వాళ్ళు పెట్టిందొకటి, మా అవ్వ పెట్టిందొకటి. ఏడాదికొకసారి తీస్కపోత మా అవ్వను. చదువు రాదామెకు. కాని చెయ్యి పట్టి రెండో పేరు కాడ పెడితె, అక్కడ్నే తడుముతది. మొదటి దాని జోలికి పోదు.”

అత్తమ్మ చేతిలో ఆకు చిరిగింది. ఆమె చేతిలో ఆకు చిరగడం నేను అంతకు ముందు చూడలేదు.

“రెండు పేర్లు రాస్తే అయిపోదా అత్తమ్మా” అన్నాను ఉత్సాహంగా. “బాలయ్య అలియాస్ పోచయ్య అని.”

“అలియాస్ అని రాస్తే అన్నల స్తూపం అనుకుంటరు.”

ఆ మాట అన్నది అత్తమ్మ కాదు, పోశవ్వ కాదు. తలుపు దగ్గర మా ఆయన. ఇవాళ ఆఫీసుకు సెలవు పెట్టాడు. కుండ వైపు కాదు, నా వైపే చూస్తున్నాడు.

“పోలీసోళ్ళు వచ్చి మనదా వాళ్ళదా అని తలకాయ గోక్కుంటరు. అన్నలు వచ్చి వాళ్ళు గూడ గదే గోక్కుంటరు” అన్నాడు.

పోశవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అత్తమ్మ కూడా. నేను మాత్రం లేచి నిలబడి, “నాతోటేనా మాట్లాడింది?” అన్నాను.

మా ఆయన వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. నేనూ వెళ్ళాను.

“మాట్లాడితిరి గద, ఇగ ఆపకుండ్రి” అన్నాను.

“నోరు జారింది.”

“జారనియ్యిండ్రి.”

రంజన్ మూత తీశాడు, పెట్టాడు. మళ్ళీ తీశాడు. “నీ మీద కోపం కాదు అమృతా. కార్డు ఇచ్చినవని కాదు. నాకు భయమయితుంది. భయమని చెప్పుకోలేక కోపం అన్న.”

ఆ మాటకు నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదే సమయంలో మూడు రోజుల తర్వాత నా పేరు ఆయన నోట విన్నానని లోపల ఏదో గంతులేసింది. రెండూ ఒకేసారి ఎట్లా వస్తాయో నాకు తెలియదు.

“కొలువు పోతే ఏమయితది?” అన్నాను.

“ఏమయితదా? ఏం తింటం?”

“పెద్దమామ రెండో సాంచె ఖాళీగనే ఉంది గద. మీరు నడుపుండ్రి. నేను పిల్లలకు ట్యూషన్ చెప్త. కండెలు గూడ చుడుత. నిన్న ఆరు చుట్టిన.”

“ఆ ఆరూ పెద్దవ్వ విప్పి మళ్ళ చుట్టింది.”

“ఎవలు చెప్పిండ్రు?”

“నేను చూసిన. నువ్వు చూడకుండ చుట్టింది.”

నేను నవ్వాను. ఈసారి ఆయన కూడా నవ్వాడు. ఇద్దరం నవ్వు ఆపుకోలేక ఉంటే గడప మీద నుంచి పెద్దత్తమ్మ, “ఇక్కడ నేను తిండి లేక సస్తున్న, లోపట ఇకిలింపులు” అంది.

నవ్వు అయ్యాక ఆయన రంజన్ మీద మూత పెట్టాడు. తర్వాత వరండాలోకి వెళ్ళి అత్తమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

“అవ్వా. సార్ వచ్చినప్పుడు నువ్వు ఏం చెప్పాలనుకుంటే గది చెప్పు. నా కొలువు సంగతి మనసుల పెట్టుకోకు.”

అత్తమ్మ తల ఎత్తలేదు. ఆకులు సర్దింది. కత్తెర తుడిచింది. కొడుకు లేచి వెళ్ళేదాకా తుడుస్తూనే ఉంది.

పదకొండు గంటలకు కిష్టయ్య స్కూటరు వచ్చి ఆగింది.

పెద్దత్తమ్మ గడప మీద నుంచి లేవలేదు. కిష్టయ్య చెప్పులు విడిచి, ఆమెను చూసి, కండెల గంపను చూసి, చివరికి నాలాగే ఒక గెంతు గెంతి లోపలికి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. దారానికి కట్టిన కళ్ళద్దాలు మెడలో వేలాడుతున్నాయి. స్టూలు మీద మూడు వస్తువులు వరసగా పెట్టాడు. ఒక ఖాళీ ఫారం, మొన్నటి పేపరు, మా పెళ్ళికార్డు.

కార్డు చూడగానే నాకు దాని మీద కోపం వచ్చింది. మరుక్షణమే, అంచు నలిగిపోయిందే అని బాధ కూడా వేసింది.

“ఇగో సత్తెవ్వా” అన్నాడు కిష్టయ్య. “సర్కారు కాగితంల ఒక పేరున్నది, మీ కోడలు ఇచ్చిన కార్డుల ఇంకో పేరున్నది. మా సారు ఏమన్నడంటే, ఇంటోళ్ళ నోటి నుంచి విని రాస్కరా అన్నడు. నీ పెనిమిటి పేరు చెప్పు. రాసుకుంట.”

అత్తమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కొంగు తల మీదికి లాక్కుంది.

“పెనిమిటి పేరు ఎట్ల చెప్తది సారు” అంది పెద్దత్తమ్మ గడప మీద నుంచే. “మా ఇండ్లల్ల చెప్పరు.”

“మరి పేపర్లున్న పేరన్న చెప్పమను.”

“గది బావ పేరు. అది అసలే చెప్పదు.”

“నువ్వన్న చెప్పరాదా అవ్వా.”

“నేనెట్ల చెప్త, అది నా పెనిమిటిదాయె. మరిది పేరైతె చెప్త. చెప్పమంటవా? నాకేం భయం, మరిది పేరు…”

“అక్కా, నువ్వు ఊకో” అంది అత్తమ్మ.

పెద్దత్తమ్మ నాలుక కరుచుకుంది. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ పెద్దమామ పైకప్పు రేకులు లెక్కపెడుతున్నట్టు మొహం పెట్టాడు. పెద్దత్తమ్మ అన్నదాంట్లో చెప్పాల్సిందంతా ఉంది.

కిష్టయ్య కళ్ళద్దాలు తీసి అంగీ అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

“నేను ఇప్పటిదాక ఏం విన్లేదు” అన్నాడు. “సత్తెవ్వ చెప్పిందే విన్న అంట, గదే రాస్త. పేపర్లున్న పేరే అన్నదనుకో, గీ కార్డు నేను చూడనే లేదు, కోడలికి ఇచ్చేసి పోత. గది కాదంటే మాత్రం కాగితం పైకి పోతది. పైకి పోయినంక ఏమయితదో నాకు తెల్వది. నేను చిన్న కొలువోణ్ని.”

సాంచె చప్పుడు ఒక్కటే.

నేను ఈ ఇంటికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. వరసకు ఆడబిడ్డలంతా గడపకు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేనే లోపలికి రానిస్తామన్నారు. నేను సిగ్గు పడాల్సింది పోయి “నర్సింగం” అని ఎంత గట్టిగా చెప్పానంటే, పక్క షెడ్డులో సాంచెలు నడిపేవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆ రాత్రి అత్తమ్మ నా జడలో పూలు సర్దుతూ, “నేను గూడ గా గడప కాడ చెప్పిన బిడ్డా, గింత మెల్లగ. గదే మొదలు, గదే ఆఖరు” అని నవ్వింది.

ఇప్పుడు ఆమె గోడను వదిలి రెండడుగులు ముందుకు వచ్చింది. కొడుకును చూసింది. కొడుకు తల ఊపాడో, నాకే అట్లా అనిపించిందో తెలియదు.

“పోచయ్య” అంది.

మాట బయటికి వచ్చాక తనే ఉలిక్కిపడినట్టు ఆగింది. చీర కొంగుతో పెదాలు తుడుచుకుంది. మళ్ళీ, ఈసారి నిదానంగా, ఒక పని నేర్చుకుంటున్నదాని లాగా చెప్పింది.

“మా ఆయన పేరు పోచయ్య. రాస్కో సారు.”

పెద్దత్తమ్మ రాట్నం ఆపేసింది. పెద్దమామ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

కిష్టయ్య ఫారం మీద రాశాడు. అక్షరం అక్షరం విడదీసి రాశాడు. స్టాంపు ప్యాడ్ తీసి అత్తమ్మ వేలిముద్ర వేయించాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు.

“నర్సింగం, నీ సర్వీసు పుస్తకంల తండ్రి పేరు ఏమున్నది?”

“బాలయ్య అని ఉన్నది సార్.”

“నీ తండ్రి పేరేంది?”

“పోచయ్య.”

కొలువు ఉంటుందో ఊడుతుందో గానీ, ఆ నిమిషంలో ఆయన ఎంత అందంగా ఉన్నాడో చెప్పడానికి నా డిగ్రీ చదువు చాలదు.

కిష్టయ్య పెన్ను మూత పెట్టాడు. పెళ్ళికార్డు తీసి నా చేతికి ఇచ్చాడు. “మంచిగున్నదమ్మా కార్డు” అన్నాడు. ఫారం మడిచి మా ఆయన చేతికి ఇచ్చాడు.

“మా సారు కోరుట్లల రాయి కాడ ఉన్నడు. సర్టిఫికెట్లు తీస్కొని నువ్వే పోయి గీ కాగితం ఇయ్యి. నేను ఇస్తే నీ మీద ఫిర్యాదు అయితది.”

“నేను ఇస్తే?”

“నువ్వు ఇస్తే ఏమయితదో గూడ నాకు తెల్వది. నాలుగు గంటల లోపట పో. ఉలి పడ్డంక ఏం చేసేది లేదు.”

మళ్ళీ గంప మీదుగా గెంతి వెళ్ళిపోయాడు.

స్కూటరు చప్పుడు దూరమయ్యాక అత్తమ్మ బీడీల చాట మీద గుడ్డ కప్పింది. “కోరుట్ల బస్సు ఎన్ని గంటలకు?” అంది.

“ఒంటిగంటకు ఉంది. నువ్వెందుకవ్వా, నేను పోయొస్త.”

“చెప్పింది నేను గద. మళ్ళ అడిగితే ఎవలు చెప్తరు?”

“నేను గూడ వస్త” అన్నాడు పెద్దమామ, ఉతికిన అంగీ తొడుక్కుంటూ. “బాలయ్య బతికున్నడని ఎవలన్న చూపెట్టాలె గద.”

“చూపెట్టడానికి నువ్వొక్కనివి సరిపోవు. పక్కన నేనుంటె నమ్ముతరు” అంది పెద్దత్తమ్మ. అని గడప మీద నుంచి లేచింది. “బస్సుకు ఇంక టైమున్నది గద? అన్నం వెట్టు బిడ్డా. మామిడికాయ పచ్చడి గూడ ఎయ్యి.”

ఆమె ఎంత అన్నం తిన్నదో నేను చెప్పను. చెబితే దిష్టి తగులుతుంది. పోశవ్వ మా ఇంటి తాళంచెవి తీసుకుని కొంగున కట్టుకుంది. ఐదుగురం బస్టాండుకు నడిచాం.

బస్సులో అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. తొమ్మిదేళ్ళుగా ఆమె ఈ రోడ్డు మీదికి రాలేదట. జగిత్యాల చుట్టాల ఇంటికి పోవాల్సి వచ్చినా కరీంనగర్ మీదుగా తిరిగి పోయేదట. వేములవాడ దాటాక చెట్లు దగ్గరయ్యాయి. ఒక మలుపు దగ్గర పెద్దమామ లేచి ఆమె సీటు పక్కన వచ్చి నిలబడ్డాడు. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. మలుపు తిరిగిపోయాక, తనలో తానే రెండుసార్లు ఆ పేరు అనుకుంది. పెదాలు కదలడం నేను చూశాను.

మా ఆయన ఒళ్ళో సర్టిఫికెట్ల కవరు. దాని కింద నా చెయ్యి ఆయన చేతిలో. నలుగురి మధ్యలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. కండక్టర్ అటూ ఇటూ తిరుగుతుంటే నా ప్రాణం పోయి వస్తోంది. అయినా చెయ్యి తీయలేదు.

దారిలో ఒక చోట పోలీసులు బస్సు ఆపి అందర్నీ దింపి సంచులు వెతికారు. అరగంట పోయింది. ఆ తర్వాత డ్రైవరు ఎంత తోలినా మా ఆయన గడియారం చూసుకోవడం మానలేదు.

కోరుట్లలో దిగేసరికి నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి. “ఉన్నది, టైమున్నది” అంటూ పెద్దమామ అందరి కంటే ముందు నడిచాడు. పెద్దత్తమ్మ చెప్పు తెగితే చేతిలో పట్టుకుని నడిచింది.

ఊరి మొదట్లో రోడ్డు పక్కన షామియానా కనబడింది. చుట్టూ జనం. రెండు జీపులు. మనిషి ఎత్తు నల్లరాయి పైభాగం మాత్రం తలల మీదుగా కనబడుతోంది.

మా ఆయన ఉన్నట్టుండి ఆగిపోయాడు. అప్పుడు నాకూ వినిపించింది. టంగు, టంగు అని ఉలి చప్పుడు.

“నాలుగు గంటలకన్నరు గద” అన్నాడు పెద్దమామ.

చెక్కేవాడి వీపు తప్ప ఏమీ కనబడడం లేదు. ఏ పేరు మీద ఉన్నాడో, ఎన్నో అక్షరం మీద ఉన్నాడో ఎవరం చెప్పగలం? మా ఆయన కవరు తెరిచి కాగితాలు వెతుక్కుంటున్నాడు. పెద్దమామ సారు ఎక్కడ అని ఎవరినో అడుగుతున్నాడు.

అత్తమ్మ మాలో ఎవరి కోసమూ ఆగలేదు. చీర కొంగు నడుముకు దోపి, సిరా అంటిన చేత్తో జనాన్ని పక్కకు జరుపుకుంటూ నేరుగా రాయి వైపు నడిచింది.

“ఆగు బిడ్డా, గా ఉలి ఆపు” అంటోంది. “పేరు నేను చెప్త.”